మిషన్ నోట్లో పసుపు

విజయదశమి పొద్దున కాడుగోడి చార్జింగ్ స్టేషన్‌కు మొదట వచ్చిన ఆటో జరీనాది. పండగపూట మిగతా డ్రైవర్లంతా ఇంకా ముసుగుతన్ని పడుకున్నారు. ఆమెకు ఆ భోగం లేదు. ఆస్పత్రికి పండగ సెలవు ఉండదు, నర్సులకూ ఉండదు. అందుకని స్టెల్లానూ, ఆమెతోపాటు మరో ఇద్దరు నర్సులనూ రోజూ పొద్దున్నే వైట్‌ఫీల్డ్ ఆస్పత్రికి చేర్చే జరీనాకూ ఉండదు.

స్టేషన్ ఇంకా నిన్నటి ఆయుధపూజ వేషంలోనే ఉంది. గేటుకు కట్టిన అరటి పిలకలు వాలిపోయాయి. పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ ముక్కలు కుంకుమతో ఎర్రగా నేలమీద పడి ఉన్నాయి. ఆరు చార్జర్లూ నుదుట విభూతి, నడుమ బొట్టు, మెడలో బంతిపూల దండతో పెళ్ళికి బయలుదేరిన పెద్దమనుషుల్లా వరసగా నిలబడ్డాయి. జరీనా ఆటోకూ దండ ఉంది. అది పాపక్క చలవ. స్టేషన్ ఊడ్చి తుడిచి, కేబుళ్ళు కొక్కేలకు తగిలించి, వచ్చేపోయే బండ్లను చూసుకునే మనిషి పాపక్క. "అన్ని బండ్లూ సింగారించుకోని ఉంటే నీ ఆటో ఏం పాపం చేసింది, బోసిగా నిలబడేదానికి?" అంటూ నిన్న తనే పూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. బాగానే ఉంది గానీ, చార్జింగ్ పెట్టుకుంటానంటే మాత్రం ఒప్పుకోలేదు.

"పూజ అయినాక మిషన్ను ముట్టుకోగూడదప్పా. అది కూడా ఒక దినం పండుకోనీ. రేప్పొద్దున రా."

అలా నిన్న ఖాళీ బ్యాటరీతోనే ఇంటికి పోయిన జరీనా ఇవాళ ఆదరాబాదరాగా ఆటోను వెనక్కి తీసి, మొదటి చార్జర్ ముందు ఆపింది. కొక్కెం మీది గన్ తీసింది. చార్జర్ నుంచి వేలాడే కేబుల్ కొసకు ఉండే పట్టునే అందరూ గన్ అంటారు. దాన్ని ఆటోలో గుచ్చబోతూ ఆగింది. గన్ మూతిలో, సన్నటి రంధ్రాల చుట్టూ పచ్చగా ఏదో ఉంది. వేలుపెట్టి చూసింది. పసుపు. ఇంకా తడిగానే ఉంది.

పాపక్క ఇంకా రాలేదు. అడగడానికి మనిషి లేదు. జరీనా తెల్ల దుపట్టా కొసను వేలికి చుట్టి, వేలు పోయినంత వరకూ తుడిచింది. రంధ్రాల్లోకి వేలు పోదు కదా. స్టెల్లా మెట్ల దగ్గర నిలబడి ఉంటుందన్న తొందరలో, చాల్లే అనుకుని గుచ్చింది. క్లిక్కుమంది. పచ్చలైటు వెలిగింది, లోపల ఫ్యాను తిరగడం మొదలైంది. ఆమె కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కుని వచ్చేసరికి లైటు ఎర్రగా ఉంది. గన్ బయటికి లాగితే కాలిన వాసన. రెండు రంధ్రాల అంచులు నల్లబడ్డాయి.

రెండో గన్‌లోనూ పసుపే ఉంది గానీ అది ఎండిపోయి ఉంది. దాన్ని దులిపి, భయపడుతూనే పెట్టింది. అది పట్టింది. అప్పుడే సూపర్‌వైజర్ మహేశ్‌కు ఫోన్ చేసి, ఒకటో గన్‌కు ఎర్రలైటు వచ్చిందని తనే చెప్పింది. పసుపు మాట మాత్రం చెప్పలేదు.

మర్నాడు ఆమె చార్జింగ్ పెట్టబోతే ఫోన్‌లో యాప్ తెరుచుకోలేదు. మీ ఖాతా నిలిపివేయబడింది, సూపర్‌వైజర్‌ను కలవండి అంది. మహేశ్ గాజు గదిలో కూర్చుని టిఫిన్ తింటున్నాడు.

"గన్ కాలిపోయిందమ్మా. మిస్‌యూజ్ కింద బ్లాక్ చేసినా," అన్నాడు, ఇడ్లీ మీంచి తల ఎత్తకుండా.

"నేనేం మిస్‌యూజ్ చేసినా సార్? పెట్టినా, పచ్చలైటు వచ్చింది, కొంచేపటికి ఎర్రగైపోయింది. మీకు ఫోన్ చేసి చెప్పింది కూడా నేనే కదా."

"చెప్పినావు, కాదన్లే. మొన్నటిదాకా బాగున్న గన్. పూజ చేసిన గన్. నువ్వు పెట్టంగానే కాలిపోతే ఏమనుకోవల్ల చెప్పు?"

పూజ చేసిన గన్ అన్నాక అతను ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే నువ్వు అన్నాడు. ఆ ఆగడం జరీనాకు స్పష్టంగా వినబడింది. ఇలాంటివి గట్టిగా చెప్పక్కర్లేదు, అలా ఆగితే చాలు.

ఆ పూజలో మీ పాపక్కే గన్ నోట్లో తడి పసుపు కూరింది సార్ అన్న మాట ఆమె నాలుక కొసదాకా వచ్చింది. గాజులోంచి బయటికి చూసింది. పాపక్క మోకాళ్ళ మీద కూర్చుని, కాలిన చార్జర్ కిందిభాగాన్ని గుడ్డతో తుడుస్తోంది, జ్వరం వచ్చిన పిల్లకు ఒళ్ళు తుడిచినట్టు. ఆమెకు ముందు ఈ పనిలో ఉన్న మనిషి చార్జర్ మీద టీ గ్లాసు పెట్టి మరిచిపోయినందుకు సాయంత్రానికల్లా ఇంటికి పోయాడు. పంపింది ఈ మహేశే. గ్లాసుకే అంత శిక్ష అయితే, గన్ కాల్చినందుకు ఏముంటుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. జరీనా మాటను మింగేసి బయటికి వచ్చింది.

పాపక్క లేచి నిలబడింది. ముఖం ముడుచుకుని ఉంది.

"ఏం చేసినావే దాన్ని? మొన్ననే కదా పసిబిడ్డకు పోసినట్ల నీళ్ళతో తుడిచి, పూజ చేసిపెట్టినా! గుంజినావా? తడిచేత్తో పట్టుకున్నావా?"

"లేదక్కా."

"లేదంటే సుమ్నే, ఊరికే కాలతాదా? నీకు ఎప్పుడూ తొందరే. ఆ నర్సమ్మల కోసం కాళ్ళ కింద నిప్పులు పోసుకున్నట్ల వస్తావు, మిషన్ను చూసుకోవు."

జరీనాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి కోసం నోరు మూసుకుందో ఆ మనిషే నోరు చేసుకుంటుంటే ఎవరికి మాత్రం మండదు? అయినా ఇంకో సంగతి కోసం ఒక్క క్షణం నిలబడింది. స్టేషన్ వెనక, స్టాఫ్‌కు మాత్రమే అని రాసిన బాత్‌రూమ్ ఒకటుంది. దాని తాళంచెవి పాపక్క కొంగుకు ముడేసి ఉంటుంది. రోజంతా రోడ్డుమీద ఆటో తోలే ఆడమనిషికి ఆ తాళంచెవి విలువ ఏమిటో చెప్పనక్కర్లేదు. జరీనా ఆటోకు గన్ తగిలించగానే, అడక్కుండానే, పాపక్క ముడి విప్పేది. ఇవాళ ఆమె చెయ్యి కొంగు మీదికి పోలేదు. చీపురు తీసుకుని అటు తిరిగిపోయింది.

ఆ పొద్దున పెట్రోల్‌తో పనే లేని ఆటో ఒకటి హోప్ ఫార్మ్ దాటాక, బాత్‌రూమ్ కోసం, పెట్రోల్ బంకులో ఆగింది.

ఇంట్లో చార్జింగ్ పెట్టుకుందామంటే జరీనా ఉండేది సందులో మేడమీది గది. ఆటో సందులోకే రాదు. పైగా ఇంటి ఓనరు ఫోన్ చార్జరు గోడకు తగిలించినా మీటరు వైపు చూసే రకం. అందుబాటులో ఇంకో స్టేషన్ బెళ్ళందూరులో ఉంది. అక్కడికి పోవడం, క్యాబుల వరసలో నిలబడడం, చార్జింగ్ అయ్యాక ఆ ట్రాఫిక్‌లో మళ్ళీ కాడుగోడికి రావడం. ఎక్కించుకున్న చార్జింగ్‌లో సగం తిరుగు దారికే సరి. అన్నం కోసం ఊరు దాటిపోయి, తిరిగొచ్చేసరికి మళ్ళీ ఆకలేసినట్టుంది ఆమె పని.

శనివారం పొద్దున ఆస్పత్రి గేటు దగ్గర మిగతా ఇద్దరు నర్సులూ దిగి వెళ్ళిపోయాక స్టెల్లా ఆగింది. ఒంగోలు వైపు మనిషి. మాట సూటిగా ఉంటుంది.

"అక్కా, ఏమీ అనుకోవద్దు. నిన్న డ్యూటీకి లేటయ్యాం. ఇవాళేమో ఆ బ్యాటరీ గుర్తు ఎప్పుడు ఎర్రబడుద్దా అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాం. వాళ్ళిద్దరూ వేరే ఆటో మాట్లాడదామంటున్నారు. సోమవారం సాయంత్రం దాకా ఆగమన్నాను. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

ఈ ముగ్గురి రాకపోకలే జరీనాకు ఆధారం. మిగతా బేరాలు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు. ఇక దాచలేక జరిగిందంతా చెప్పింది. చెబుతూ దుపట్టా కొస చూపించింది. సబ్బు పెడితే ఎర్రగా మారి, ఆరాక మళ్ళీ పచ్చబడిన మరక.

"మరి చెప్పవేంటక్కా ఆ సూపర్‌వైజర్‌కి? నీ పొట్ట మాడ్చుకుని ఆవిణ్ణి కాపాడతావా?"

"చెప్తే ఆయమ్మ పొట్ట కొట్టినట్లు కాదా?"

"ఆవిడ నిన్ను తిడుతోందన్నావుగా!"

"తిడతా ఉండాది స్టెల్లమ్మా. అదే మండతా ఉండాది నాకు," అంది జరీనా. ఇద్దరికీ ఆపుకోలేనంత నవ్వు వచ్చింది. నవ్వాక స్టెల్లా ఆమె భుజం తట్టి లోపలికి పోయింది, సోమవారం అని వేలు చూపిస్తూ.

శుక్రవారం రాత్రి వాన కురిసింది. ఆస్పత్రి నుంచి జరీనా మహేశ్‌ను ఇంకోసారి బతిమాలుకుందామని స్టేషన్‌కు పోయేసరికి మూడో చార్జర్ దగ్గర రాజేశ్ నిలబడి ఉన్నాడు. అతనిదీ ఎలక్ట్రిక్ ఆటోనే, సరుకులు మోసేది. గన్ పెట్టి పచ్చలైటు చూసుకుని, బీడీ కోసం జేబు తడుముకుంటున్నాడు. అంతలో లైటు ఎర్రబడింది. అదే కాలిన వాసన.

మహేశ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏం కాదులే రాజేశన్నా. మిషన్ ప్రాబ్లమ్. వానకు చెమ్మ పట్టుంటాది. సోమవారం ఇంజనీరును పిలిపిస్తా. నువ్వు నాలుగో దాంట్లో పెట్టుకో."

ఇంతసేపూ బతిమాలడానికి కూడదీసుకున్న మెత్తని మాటలన్నీ జరీనాకు ఎక్కడివక్కడ ఎగిరిపోయాయి.

"రాజేశన్న చేతిలో కాలితే మిషన్ ప్రాబ్లమ్. నా చేతిలో కాలితే నా ప్రాబ్లమ్. ఇదెట్ల సార్?"

"అది వేరే, ఇది వేరే."

"యాడ వేరే? గన్ను అట్లాంటిదే, లైటు అట్లాంటిదే, వాసన కూడా అదే. మనుషులే కదా వేరే?"

మహేశ్ మోగని ఫోన్ తీసి చెవికి పెట్టుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. రాజేశ్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. కాకపోతే ఆ పూటకు తన చార్జింగ్ వదులుకునేంత మంచివాడు కూడా కాదు. అవతల వానకు రాలిన ఆకులు ఊడుస్తున్న పాపక్క చీపురు చప్పుడు మాత్రం ఆగింది. ఆమె మూడో చార్జర్ వైపు చూసింది, మొదటి దాని వైపు చూసింది, చివరికి జరీనా వైపు చూసింది. చాలాసేపు ఒకచోటే ఊడుస్తూ ఉండిపోయింది.

ఆదివారం జరీనా మళ్ళీ బెళ్ళందూరు పోయి వచ్చింది.

సోమవారం నర్సులను దింపి స్టేషన్ చేరేసరికి ఆమె ఆటోలో బ్యాటరీ గుర్తు ఎర్రగా మినుకుతోంది. ఇక బెళ్ళందూరు పోవడానికి కూడా చాలదు. గేటు పక్కన ఆపి దిగింది. అదే సమయానికి ఎలక్ట్రిక్ స్కూటర్ మీద ఒక అమ్మాయి వచ్చి హెల్మెట్ తీసింది. భుజాన పనిముట్ల సంచి, చొక్కా మీద హరిణి అన్న పేరుపట్టీ. చార్జర్లు రిపేరు చేసే ఇంజనీరు.

హరిణి ముందు కరెంటు ఆపి, మొదటి గన్‌ను ఒళ్ళో పెట్టుకుని మెట్టుమీద కూర్చుంది. టార్చి నోట కరుచుకుని, సన్నటి పుల్లకు దూది చుట్టి స్పిరిట్‌లో ముంచి ఒక్కో రంధ్రంలోకీ తిప్పింది. దూది బయటికి వచ్చేసరికి పసుపచ్చగా ఉంది. ఆమె టార్చి తీసి, దూదిని ఎండలో పెట్టి చూసి, ఫక్కున నవ్వింది.

"ఇక్కడ కూడా పసుపేనా అండీ! ఈ వారమంతా నాకు ఇదే పని. ఒక స్టేషన్‌లో గంధం, ఇంకోచోట అయితే ఏకంగా అక్షింతలు! తడి పసుపు లోపల పిన్నుల మధ్య చేరితే వేడెక్కి కాలిపోతుంది. ఎండిపోయింది బాగానే ఉన్నట్టుంటుంది, మళ్ళీ వాన చెమ్మ తగిలితే అదీ అంతే. ఇంతకీ ఎవరు పెట్టారండీ?"

మహేశ్ మెల్లగా తల తిప్పి పాపక్కను చూశాడు. ఆమె చెయ్యి కొంగు ముడిని పట్టుకుంది, ఎవరో తాళంచెవి లాక్కుంటున్నట్టు. జరీనాకు మహేశ్ చూపు కొత్తది కాదు. అది మూడు రోజులుగా తన మీద ఉన్న చూపే. ఇప్పుడు ఇంకో మనిషిని వెతుక్కుంది, అంతే.

"అందరం పెట్టినాము మేడమ్," అంది జరీనా. "ఆయుధపూజ అందరం కలిసి చేసినాము. నా ఆటో కింద కూడా నిమ్మకాయ పెట్టినాము."

రాజేశ్ గొంతు సవరించుకున్నాడు. శనివారంనాటి బాకీ తీర్చుకోవాలనుకున్నాడేమో. "అవు మేడమ్. గుమ్మడికాయ కొట్టింది నేనే. హారతి ఇచ్చింది మహేశ్ సారు. ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టింది కూడా సారే."

మహేశ్‌కు దగ్గొచ్చింది.

"అందరం కాదమ్మా," అంది పాపక్క. "నేనే పెట్టినా. ముందు నేను పిండిమిషన్‌లో పనిచేసేదాన్ని. ఆయుధపూజకు మిషన్ యాడ తింటాదో ఆడ పసుపు పెడతాము. దీనికీ నోరు ఉండాది కదా అని చిటికెనవేలుతో అన్నిటికీ లోపలికంటా పెట్టినా. ఎవరన్నా పైపైన పెట్టిందంటారేమో అని బాగా పెట్టినా."

హరిణి మళ్ళీ నవ్వబోయి ఆపుకుంది. "ఇది తినే నోరు కాదు పెద్దమ్మా, పెట్టే చెయ్యి. తినేది బండి. వచ్చే ఏడు పైన బొట్టు పెట్టండి, ఎంతైనా పెట్టండి. లోపల మాత్రం వద్దు." మహేశ్ వైపు తిరిగింది. "మిస్‌యూజ్ ఏమీ లేదండీ. నేను క్లీనింగ్ కింద క్లోజ్ చేసేస్తా. కాలినవి రెండూ మార్చేస్తా, స్పేర్ ఉన్నాయి నా దగ్గర. దీని కోసం ఎవరినైనా బ్లాక్ చేసి ఉంటే తీసేయండి."

మహేశ్ పాపక్కను ఏమీ అనలేకపోయాడు. హారతి పళ్ళెంతో నవ్వుతూ నిలబడిన తన ఫోటో ఆఫీసులో అందరి ఫోన్లలోనూ ఉంది మరి. ఫోన్ తీసి రెండు మూడు చోట్ల నొక్కి, "ఆయ్తు. ఓపెన్ అయిందమ్మా," అన్నాడు జరీనాతో. "సిస్టమ్‌లో అట్ల పడిపోయింది."

"సిస్టమ్‌లో దానంతట అదే పడదు కదా సార్."

అతను అటూ ఇటూ చూశాడు. "సరే. తప్పైపోయింది," అన్నాడు గొణుగుతూ.

"ఇంకొంచెం గట్టిగా సార్. రాజేశన్న దూరంగా ఉండాడు."

మహేశ్ గట్టిగానే అన్నాడు. జరీనా గుండెల మీది బరువు ఒక్కసారిగా దిగిపోయింది. పక్కనున్న అరుగు మీద కూర్చుంది.

పాపక్క వచ్చి ఆమె ముందు నిలబడింది. చూపు జరీనా ముఖం మీద లేదు, దుపట్టా కొస మీద ఉంది. వంగి దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. ఇన్నేళ్ళుగా పసుపుతో మెలిగిన చెయ్యి, ఆ మరకను గుర్తుపట్టడానికి దూదీ టార్చీ అక్కర్లేదు.

"ఎప్పటిది ఇది?"

"దసరా పొద్దుటిది."

"అంటే నీకు ఆ పొద్దే తెలుసు." పాపక్క కళ్ళు నిండాయి. "తెలిసి, నన్ను అన్నన్ని మాటలు అననిచ్చినావే!"

"నువ్వు ఆపింటే కదక్కా, నేను చెప్పేదానికి."

పాపక్క ఏడవబోయి నవ్వింది. కొంగు ముడి విప్పి తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. జరీనా వెనక్కి పోయింది. అక్కడే, తలుపు వేసుకుని, కాసేపు కళ్ళు తుడుచుకుని, స్టెల్లాకు ఫోన్ చేసింది. సాయంత్రం మామూలుగానే వస్తానంది. "బతికించావక్కా. ఆ ఇద్దరినీ ఆపలేక చస్తున్నా," అంది స్టెల్లా.

ఆమె తిరిగి వచ్చేసరికి ఆటో రెండో చార్జర్ ముందు ఉంది. రాజేశ్ తోసి పెట్టాడట. హరిణి శుభ్రం చేసిచ్చిన గన్‌ను పాపక్క పొడిగుడ్డతో ఇంకోసారి తుడిచి, తనే ఆటోకు గుచ్చింది. జరీనా ఫోన్‌లో నొక్కింది. ఫ్యాను తిరిగింది. ఇద్దరూ లైటు వైపే చూస్తూ నిలబడ్డారు. పచ్చగా వెలిగింది, పచ్చగానే ఉంది.

పాపక్క తన సంచిలోంచి పేపరు పొట్లం ఒకటి తీసింది. ఆయుధపూజనాడు అందరికీ పంచిన బొరుగులు.

"నీ భాగం. నాడు నువ్వు బిరీన పోయినావు. శుక్రవారం ఇద్దామనుకుంటే కోపమొచ్చి ఇయ్యలేదు. పారెయ్యబుద్ధి కాలేదు."

బొరుగులు మెత్తబడిపోయాయి. జరీనా పొట్లం విప్పి ఇద్దరి మధ్యా అరుగు మీద పెట్టింది. కాసేపు ఇద్దరూ తిన్నారు.

"మళ్ళా ఏడు పసుపు నువ్వే పెట్టు," అంది పాపక్క, లైటు మీంచి చూపు తిప్పకుండా. "యాడ పెట్టగూడదో ఈడ నీకు తెలిసినంత బాగా ఇంగెవురికీ తెలీదు."

"అట్లనే అక్కా," అంది జరీనా, ఇంకో గుప్పెడు తీసుకుంటూ.